ఆ పసుపు బల్బు

పెద్దాడు ఒక మాట అన్నాడు, అది బుర్రలోంచి పోవట్లేదు. నిద్ర ఎలాగూ పట్టదని రాస్తున్నా.

అన్నాలయ్యాక, ఈమధ్య నేర్చుకుంటున్న రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ముందేసుకుని కూర్చున్నాను. ప్రోగ్రాం చిన్నదే. అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ కట్టినవాళ్ల పేర్లు ఒక వెక్టర్‌లో, అంటే జాబితాలో, పెట్టి, ప్రింట్ చేసే ఫంక్షన్‌కి ఇచ్చి, ఆ తర్వాత మొత్తం ఎంతమందో అడిగాను. సేవ్ కొట్టగానే ఎర్ర గీత. ఈ0382 నంబరు ఎర్రర్. ఫంక్షన్‌కి ఇచ్చేసిన వెక్టర్ ఇక నీది కాదు, మళ్లీ ఎలా వాడతావని. రస్ట్‌లో ఓనర్‌షిప్, అంటే ఏ విలువకైనా ఒక్కరే సొంతదారు అనే నియమం, అదే కాబట్టి గీత మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఆ పక్కన, తప్పు దిద్దే సలహా ఉందని ఎడిటర్‌లో వెలిగే పసుపు బల్బు మీద. నొక్కితే క్లోన్, అంటే కాపీ తీయమనే మాట, పెట్టేస్తుంది, గీత మాయమవుతుంది, ప్రోగ్రాం నడుస్తుంది. వట్టిగా ప్రింట్ చేయడానికి వెక్టర్‌కీ, అందులో ఉన్న ప్రతి పేరుకీ మెమరీలో ఇంకో కాపీ! అసలు కావాల్సింది పారామీటర్ టైపు ముందు అరువు అని చెప్పే ఒక & గుర్తు, ఫంక్షన్‌ని పిలిచే చోట ఇంకొకటి. ఫంక్షన్‌కి సొంతంగా అక్కర్లేకపోతే అరువుగా తీసుకునేలా మార్చుకోమని కంపైలర్ కూడా చెబుతుంది, కానీ ఆ మాట కింద నోట్‌లో ఉంటుంది, ఓపిగ్గా చదివితేనే కనిపిస్తుంది. క్లోన్‌కేమో ఒక్క నొక్కు చాలు. ఖర్చు ఫర్వాలేదనుకుంటేనే చేయమని ఆ సలహాలోనూ రాసుంటుంది, నిజమే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ ఖర్చెంతో ఎలా తెలుస్తుంది?

పెద్దాడు వెనక నుంచి చూసి, "క్లోన్ కొట్టేయమ్మా, నడుస్తుంది కదా" అన్నాడు.

ఎడిటర్‌లో ఈ గీతలూ బల్బులూ చూపించే రస్ట్-ఎనలైజర్‌ని తీసిపారేద్దాం, టెర్మినల్లో తప్పులు చూసిపెట్టే కార్గో చెక్ కమాండ్ ఒక్కటీ చాలు అనుకున్నాను.

అంతలో ఇంజనీరింగ్ ల్యాబ్ గుర్తొచ్చింది. సీ భాష ప్రోగ్రాంలు రాసే టర్బో సీ నీలం స్క్రీను, ఇద్దరికో సిస్టం, లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాం. అవుట్‌పుట్ అంతా సరిగ్గా వచ్చేది, ప్రోగ్రాం అయిపోయాక చివర్లో 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని, అంటే సరైన చిరునామా లేని పాయింటర్‌తో మెమరీలో ఏదో రాశావని, ఒక్క లైను పడేది. ఏ పాయింటరో, ఎక్కడో, ఏమీ చెప్పదు. నేనూ నా బ్యాచ్‌మేటూ విలువలు ప్రింట్ చేసి చూసుకోవడానికి లైనుకో ప్రింటెఫ్ పెట్టుకుంటూ, హాస్టల్‌కెళ్లాక కాగితం మీద డబ్బాలూ బాణాలూ గీసుకుంటూ వెతికేవాళ్లం. ఆ లైను కనిపిస్తే సార్ రికార్డు మీద సంతకం పెట్టేవారు కాదు. "అవుట్‌పుట్ వచ్చింది కదా సార్" అంటే, "ఇవాళ వచ్చిందమ్మా, రేపు రాదు" అనేవారు. అప్పుడు ఏడుపొచ్చేది. ఆ మాట ఎంత నిజమో ఉద్యోగంలో చేరాక ఒక సర్వర్ వారం పాటు బాగా నడిచి ఎనిమిదో రోజు పడిపోయినప్పుడు తెలిసింది.

అలాంటి రోజులు చూసి, తప్పు ఫలానా లైనులో ఉందని చూపించే పరికరాన్ని తీసేస్తానా? తీయను. 2022లో ఇదే పని చేసే పాత ఆర్‌ఎల్‌ఎస్ స్థానంలో అధికారికంగా ఇదే వచ్చింది, అది రస్ట్ నేర్చుకునేవాళ్ల అదృష్టం. లెట్ అని పేరు పెట్టిన ప్రతి విలువ పక్కన బూడిద రంగులో దాని టైపు రాసి చూపిస్తుంది చూడండి, జాబితాని ఒక్కో మెట్టులో మార్చుకుంటూ పోయే ఇటరేటర్ల గొలుసులో ఎక్కడ ఏం మారుతోందో నాకు దాంతోనే అర్థమైంది, ఆరోజు ఎంత సంతోషపడ్డానో.

కానీ బల్బు సంగతి అలాగే ఉంది. సెట్టింగుల్లో ఆపేయొచ్చు. ఆపేస్తే మ్యాచ్‌లో, అంటే విలువని బట్టి దారి ఎంచుకునే చోట, మిగిలిన కేసులన్నీ నింపిపెట్టే సాయం కూడా కళ్లబడదు, అదేమో నాకు రోజూ కావాలి. ప్రస్తుతానికి ఉంచాను. ఎర్రర్ మొత్తం టెర్మినల్లో చదివాకే దాని జోలికెళ్లాలి. పెద్దాడిని రేపు పక్కన కూర్చోబెట్టుకుని ఆ & పెట్టి చూపిస్తాను, వినకపోతే వాడి పాతిక వేల లైన్ల ఫైలు తెచ్చి క్లోన్ చేయించి టైము కొలిపిస్తాను.