స్లోగన్ సరే, చివరి బస్సు ఎన్నింటికి?

సావనీరుకి వ్యాసం అడిగారు కదా, హాస్టల్ మెస్సు గురించీ ఫేర్‌వెల్ గురించీ రాసేవాళ్ళు ఎలాగూ బోలెడుమంది ఉంటారని నేను వాటి జోలికి పోవట్లేదు. మన టూరిజం కోర్సులో మార్కెటింగ్ పేపరు చెప్పిన సార్ మాకు అంటించి వదిలిన ఒక మనిషి గురించి రాస్తాను, కేరళ టూరిజానికి దారి వేసిన గోదవర్మ రాజా. తెలుగువాడు కాదు, మన విశాఖ మొహం చూశాడో లేదో కూడా నాకు తెలీదు.

భీమిలికి ప్రకటన రాసుకురమ్మన్నారు సార్. 1989లో ప్రకటనలు రాసే వాల్టర్ మెండిస్ కేరళ టూరిజానికి ‘గాడ్స్ ఓన్ కంట్రీ’ (దేవుడి సొంత దేశం) అని స్లోగన్ రాసిచ్చిన కథ అంతకుముందు క్లాసులోనే విన్నాం, ఇంకేముంది, క్లాసు మొత్తం కవులైపోయింది. సముద్రం చీర కట్టింది, సూర్యుడు బొట్టు పెట్టుకున్నాడు. సార్ అన్నీ ఓపిగ్గా చదివి, "బావున్నాయి బాబూ. భీమిలి నుంచి చివరి బస్సు ఎన్నింటికి? తడిసిన ఆడపిల్లలు బట్టలెక్కడ మార్చుకుంటారు? రాత్రి ఉండిపోతే భోజనం ఎవరు పెడతారు?" అన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. ఆ రోజే గోదవర్మ రాజా కథ మొదలుపెట్టారు.

కేరళలో ఆయన్ని జి.వి. రాజా అంటారు. 1908లో పూంజార్ రాజకుటుంబంలో పుట్టాడు, 1934లో తిరువాన్కూరు మహారాజు చిత్తిర తిరునాళ్ చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాడు. అంటే మహారాజుకి బావగారన్నమాట, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా అడిగేవాడు లేడు. ఈయన మాత్రం విమానం నడపడం నేర్చుకుని, తిరువనంతపురానికి విమానాలు దిగే చోటు ఉండాల్సిందేనని రాజకుటుంబం వెంటపడ్డాడు. 1935లో టాటా వాళ్ళ బుల్లి విమానం అక్కడ దిగింది, నవంబర్ 1న ఉత్తరాల సంచులతో బొంబాయికి ఎగిరింది. టూరిస్టు అనే మాటే జనానికి సరిగ్గా తెలియని రోజులవి! సార్ ఇక్కడ ఆగి మా అందరి మొహాలూ చూసేవారు, దారి ముందు, ప్రకటన తర్వాత అని మేం పట్టుకున్నామో లేదోనని.

ఆ తర్వాత కోవళం. ఊరికి పదహారు కిలోమీటర్ల దూరంలో, చంద్రవంకల్లా వంగిన బీచ్‌లు. కేరళ టూర్స్ లిమిటెడ్ అని కంపెనీ పెట్టి, థామస్ కుక్ లాంటి విదేశీ ట్రావెల్ సంస్థని పిలిపించి, ఇదిగో ఇక్కడికి మీ జనాన్ని పంపండి అని చూపించాడు. 1966లో రాష్ట్ర ప్రభుత్వం కార్పొరేషన్ పెట్టినప్పుడు మొదటి ఛైర్మన్ ఆయనే. దాని పేరులో టూరిజం పక్కనే హస్తకళలు కూడా ఉండేవి. నాకు భలే నచ్చిన సంగతి ఇది, వచ్చినవాడు ఫొటో దిగి పోకుండా ఏదో ఒకటి కొనుక్కుని పోవాలి కదా, అప్పుడే ఊళ్ళో వాళ్ళకి నాలుగు డబ్బులు. 1970లో ఆ రెంటినీ విడదీశారు.

అయినా ఈరోజు కేరళలో ఆయన పేరు ఎక్కువగా వినపడేది ఆటల దగ్గర. 1954లో స్పోర్ట్స్ కౌన్సిల్ పెట్టింది ఆయనే, పుట్టినరోజు అక్టోబర్ 13న అక్కడ క్రీడా దినోత్సవం చేస్తారు. టూరిజం వాళ్ళం మనమే కాస్త మర్చిపోయాం.

నిజం చెప్పుకోవాలి కాబట్టి ఇంకో మాట. రాజుగారి బావ కాకుండా ఏ గుమాస్తానో అయితే ఆ ఫైలు ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళేదా? డౌటే. పైగా విదేశీయులు రావడం మొదలయ్యాక కోవళానికి హిప్పీలూ వచ్చారు, ఇసుక అంచుదాకా కట్టేసిన గదులూ వచ్చాయి. గేటు తెరవడం ఒకడి పని, లోపల సర్దడం వేరే వాళ్ళ పని, రెండోది మన దేశంలో ఎవడికీ పట్టదు.

నేనిప్పుడు విశాఖ నుంచి శబరిమల సీజన్‌లో బస్సులు నడుపుతాను. దర్శనం అయ్యాక మన స్వాములు పద్మనాభస్వామి గుడి చూసుకుని, కన్యాకుమారి వెళ్ళేలోపు కోవళంలో ఓ గంట ఆగుతారు. నల్ల పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి అలల్లో నిలబడి, వెనకాల ఎర్రచారల లైట్‌హౌస్ పడేలా సెల్ఫీ తీసుకుంటారు. ఆ లైట్‌హౌస్ వెలిగింది 1972లో. జి.వి. రాజా అంతకు ముందే, 1971 ఏప్రిల్ 30న, కులు లోయలో విమాన ప్రమాదంలో పోయాడు. టూరిజానికి కేరళ పరిశ్రమ హోదా ఇచ్చింది 1986లో. ఇవేవీ ఆయన చూడలేదు.

బస్సు దిగగానే స్వాములు నన్ను అడిగేది బాత్‌రూమ్ ఎక్కడని. సార్ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట: ప్రాజెక్టుకి మళ్ళీ బొర్రా గుహలే తీసుకుని పాత రిపోర్టు కాపీ కొట్టకండి, ఈయన్ని తీసుకోండి. ఆటల గురించి సమాచారం సులువుగా దొరుకుతుంది, టూరిజం వైపు తవ్వాలి, మలయాళం వచ్చిన ఫ్రెండ్ ఒకరు ఉంటే మేలు. సార్ క్లాస్ నోట్సు జిరాక్స్ నా దగ్గర ఇంకా ఉంది, అలమ్నై గ్రూపులో అడగండి, స్కాన్ చేసి పంపిస్తాను.