చెడగొట్టు వాన

నాలుగు రోజుల కిందట తెల్లవారుజామున కురిసిన వాన చప్పుడు వింటూ, మార్చి నెలలో ఇంత చల్లదనమా అనుకుని, హనుమకొండలో నేను హాయిగా దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. నర్సంపేట దగ్గరి మా ఊరిలో తమ్ముడు కల్లంలో ఆరబోసిన మిరప నాకు గుర్తుకైనా రాలేదు. ఊళ్ళో దీన్ని చెడగొట్టు వాన అంటారు. ఈ రోజు ఆదివారం కావడంతో వానకు రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి వెళ్ళి కూర్చున్నాను.

"అన్నా, నారు పెట్టినప్పుడు పడ్డ వాన దేవునిదైతే, మొన్నటి వాన ఎవనిది?" అని తమ్ముడు అడిగాడు.

వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో ఉన్నది సరిగ్గా ఈ ఫిర్యాదే: కొందరిని సుఖంలోనూ కొందరిని దుఃఖంలోనూ పుట్టించిన ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటవా? శంకరులు తన భాష్యంలో అక్కడ చెప్పిన పోలిక కూడా వానదే. వరికీ యవలకూ వాన ఒక్కటే, పైరులోని తేడా విత్తనానిది. అలాగే ఈశ్వరుడు అందరికీ సమాన కారణం, సుఖదుఃఖాల తేడా ఎవరి కర్మను బట్టి వారిది. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదంటే, సంసారానికి మొదలు లేదు, విత్తనమూ మొలకా లాగా. చదువుకునే రోజుల్లో నాకెంతో నచ్చిన ఈ సమాధానం కల్లంలో మాత్రం అడ్డం తిరిగింది. ఇక్కడ విత్తనం ఒక్కటే, చేను ఒక్కటే, వాన ఒక్కటే; కప్పిన సగం ఎర్రగా నిలిచింది, కప్పని సగం తెల్లబారింది. రెండో టార్పాలిన్ లేకపోవడాన్ని వాడి పూర్వజన్మకు అంటగట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే పోయిన నెల వాడు అడిగిన ఐదు వేలను "చూద్దాం లే" అని వాయిదా వేసింది నేనే.

చెడుకు సొంత ఉనికి లేదనీ, పుండు ఆరోగ్యం లోపించడమైనట్టే చెడు కూడా మంచి లోపించడమేననీ, కాబట్టి దాన్ని దేవుడు సృష్టించలేదనీ క్రైస్తవ తాత్వికుడు అగస్టీన్ అన్నాడు. తాలు కాయను చేతిలోకి తీసుకుని చూస్తే రంగు వరకు ఆ మాట నిజమే: తెలుపు ఎవరూ పూసింది కాదు, ఎరుపు పోయిందంతే. కాయను విరిచాను. గింజల చుట్టూ బూడిదరంగు బూజు, సన్నని నూగులా పట్టి ఉంది. అది లేమి ఎలా అవుతుంది? తేమ దొరికితే పుట్టి, తన బతుకు తాను బతుకుతున్న ప్రాణి అది. మొన్నటి వాన దాని పాలిట దేవుడి వానే కదా!

"ముచ్చట్లు తర్వాత పెట్టుకోండ్రి బావా, ఎండ పోతది" అంది మరదలు.

పొద్దు గూకేసరికి తాలు నాలుగు బస్తాలైంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో దానికి మంచి కాయ ధర ఎటూ రాదు. బయలుదేరుతూ తమ్ముడి చేతిలో ఐదు వేలు పెట్టాను. లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, "వాన ఎవనిదో మాత్రం చెప్పకపోతివి అన్నా" అన్నాడు.