ఇల్లు మారితే కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా? మా మలక్‌పేట లెక్క

మేలో విజయవాడ మొగల్రాజపురం నుంచి హైదరాబాద్ మలక్‌పేటకి మారాం. సామాన్లు సర్దడం, గ్యాస్ కనెక్షన్, పిల్లాడి స్కూలు, వీటిలో పడి కారు సంగతి ఎవరికీ గుర్తు లేదు. జులైలో రెన్యువల్ మెసేజ్ వచ్చాక ఆన్‌లైన్‌లో కొత్త పిన్‌కోడ్ కొట్టి చూశాను కదా, పోయినేడాది కంటే దాదాపు 7 వేలు ఎక్కువ! "హైదరాబాద్ కదా, అద్దె పెరిగింది, పాలు పెరిగాయి, ఇదీ పెరిగింది" అని మా ఆయన తేల్చేశారు. నేనూ నమ్మేశాను.

మనసొప్పక విజయవాడలోని మా పాత ఏజెంటు గారికి ఫోన్ చేశాను. ఆయన ముందు అడిగింది ఊరి గురించి కాదు. "నో క్లెయిమ్ బోనస్ ఎంత చూపిస్తోందమ్మా?" అన్నారు. చూస్తే సున్నా. పాత పాలసీ వివరాలు నింపే చోట నేనే ఏదో తప్పు నొక్కాను. క్లెయిమ్ చేయని ఏళ్లకి ఇచ్చే ఈ తగ్గింపు మాకు 35 శాతం రావాలి. దానికి తోడు నేను అడగని యాడ్ ఆన్‌లు, అంటే విడిగా డబ్బు కట్టే అదనపు కవర్లు, మూడు ముందే టిక్ పెట్టి ఉన్నాయి. హైదరాబాద్‌ని అనవసరంగా తిట్టుకున్నాం.

మరి ఊరు మారడం వల్ల అసలేమీ తేడా ఉండదా అంటే, ఉంటుంది, కానీ ఎంతో వినండి. పాలసీలో రెండు ముక్కలుంటాయి. మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం పెట్టేది, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు, శ్రీకాకుళమైనా ముంబై అయినా ఒకటే. తేడా వచ్చేది రెండో ముక్కలో, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్‌లో. ఒకప్పుడు కంపెనీలన్నీ పాటించాల్సిన రేట్ల పట్టిక, అంటే పాత టారిఫ్ ప్రకారం హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబై, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, ఢిల్లీ, ఈ ఎనిమిదీ ఎ జోన్, మిగతా దేశమంతా బి జోన్. విజయవాడ, విశాఖ కూడా బి జోనే. 2007 నుంచి కంపెనీలు సొంత రేట్లు పెట్టుకోవచ్చు, అయినా ఈ జోన్ల లెక్క ఇంకా పోలేదు. ఆ టారిఫ్‌లో ఐదేళ్లలోపు 1200 సీసీ కారుకి, కారు విలువ మీద ఎ జోన్‌లో 3.283 శాతం, బి జోన్‌లో 3.191 శాతం. మా కారు విలువ 6 లక్షలు వేసుకుంటే తేడా 552 రూపాయలు. బోనస్ తీసేస్తే 359. కంపెనీ డిస్కౌంటు కూడా పోతే ఇంకా తక్కువ. దీనికా మేం రెండు రోజులు మొహాలు మాడ్చుకుని కూర్చున్నది!

పైగా ఆ టారిఫ్‌లో జోన్ చూసేది ఇంటి అడ్రస్‌ని బట్టి కాదు, కారు ఏ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టర్ అయిందో దాన్ని బట్టి. మా నంబరు ఇంకా ఏపీ 39తోనే ఉంది కాబట్టి ఆ 359 కూడా ఇప్పుడే పడలేదు. అమెరికాలో ఉన్న మా చెల్లికి చెబితే నవ్వింది. అక్కడ రాత్రి కారు ఎక్కడ పెడతావో ఆ జిప్ కోడ్ చెప్పాలట, చాలా రాష్ట్రాల్లో ఊళ్లోనే పక్క పేటకి మారినా బిల్లు మారిపోతుందట.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది ప్రీమియం కాదు, సెల్లార్. మొగల్రాజపురంలో ఇంటి ముందే, మెరక మీద కారు పెట్టేవాళ్లం. ఇక్కడ సెల్లార్ పార్కింగ్. వాచ్‌మన్ మొదటి వారమే చెప్పాడు, "2020ల వాన పడ్డప్పుడు ఈ సెల్లార్ల నడుము దాంక నీళ్లొచ్చినయ్ మేడమ్" అని. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా కొలీగ్ కారు రెండు రోజులు నీళ్లలో ఉంది. వరద నష్టం మామూలు పాలసీలోనే వస్తుంది, కానీ నీళ్లు తగ్గాక ఆయన ఆత్రంగా తాళం తిప్పి స్టార్ట్ చేశాడు, ఇంజిన్‌లోకి నీళ్లు లాగి పట్టేసింది. సీట్లకి, వైరింగ్‌కి డబ్బులిచ్చారు, ఇంజిన్‌కి మాత్రం అది నీ చేతులారా చేసుకున్నది అన్నారు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా ఉంటుంది. ముందే టిక్ పెట్టిన మూడిట్లో అదొకటి! రెండు తీసేసి దాన్ని ఉంచుకున్నాను. మొగల్రాజపురంలో ఉండుంటే తీసుకునేదాన్ని కాదు.

ఇక అడ్రస్. పాలసీలో మార్చడం ఎండార్స్‌మెంట్ అంటారు, ఆర్సీ కాపీ, అద్దె అగ్రిమెంటు మెయిల్ చేస్తే అయిపోయింది. ఆర్సీ పనే పెద్దది. ఇల్లు మారిన 30 రోజుల్లో ఆర్టీవోకి చెప్పాలి, వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి కారు ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, దానికి విజయవాడ ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్. ఆ టాక్స్ ముందు జోన్ తేడా ఎంతండీ! టీజీ నంబరు వచ్చాక పాలసీలో మళ్లీ ఎండార్స్‌మెంట్, పాత నంబరుతో పాలసీ ఉంచుకుని క్లెయిమ్‌కి వెళ్తే తిప్పుతారని ఏజెంటు గారు రెండుసార్లు హెచ్చరించారు.

మొన్న రాత్రి వాన మొదలవగానే మా ఆయన లుంగీలోనే కిందకి పరిగెత్తి కారు తీసి వీధి చివర ఎత్తు మీద పెట్టొచ్చారు. ఎన్‌ఓసీకి మాత్రం ఇంకా అప్లై చేయలేదు.