ఔట్‌పుట్ గడి

నన్ను తీసుకున్నది వార్డు క్లర్కుగా. విజయవాడ సూర్యారావుపేటలో అడుగుకో ఆసుపత్రి ఉంటుంది కదా, వాటిలో ఒకటి. బీకాం తర్వాత ఆరు నెలలు నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు కూడా చేశానని బయోడేటాలో రాసుకోవడమే నేను చేసిన తప్పు. కరోనా రెండో వేవ్‌లో మా ఫ్లోర్‌లో ఇద్దరు ఆయమ్మలు మానేశారు. "మీకు పని తెలుసు కదమ్మా, కొత్తవాళ్లు వచ్చేదాకా కాస్త చూసుకోండి" అన్నారు. కొత్తవాళ్లు రాలేదు. ఆ 'కాస్త' మాత్రం ఉండిపోయింది.

రాత్రి డ్యూటీ ఎలా ఉండేదంటే, కౌంటర్ దగ్గర కూర్చుని మందుల ఇండెంట్ పెడతాను. శాంపిల్ ట్యూబులకి స్టిక్కర్లు అంటిస్తాను. ఇన్సూరెన్స్ వాళ్లు అడిగిన ప్రశ్నలకి జవాబులు టైపు చేస్తాను. మధ్యలో బెల్లు మోగుతుంది. లేచి వెళ్లి బెడ్‌పాన్ పెడతాను, యూరిన్ బ్యాగు ఖాళీ చేసి ఎంత వచ్చిందో చూస్తాను, చేతులు కడుక్కుని వచ్చి ఆ అంకె చార్టులోని ఔట్‌పుట్ గడిలో ఎక్కిస్తాను. మళ్లీ కుర్చీ. మళ్లీ బెల్లు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. ఉత్త క్లర్కుకి పేషెంటు ఒక నంబరు. నాకు మాత్రం పదకొండో బెడ్ మామ్మగారికి ఎడమ పక్కకి తిరిగితేనే నిద్ర పడుతుందని తెలుసు. బాధల్లా కుర్చీతోనే. దాని ఎత్తు సరిచేసే మీట ఎప్పుడో విరిగిపోయింది. బల్ల మీదికి గూనిలా వంగి కూర్చునేదాన్ని.

2022 ఆగస్టులో ఒక రాత్రి. తొమ్మిదో బెడ్‌లో పక్షవాతం వచ్చిన పెద్దాయన, ఎనభై కిలోలకి తక్కువ ఉండరు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఇద్దరం కలిసి, కింద వేసిన దుప్పటిని చెరో పక్కా పట్టుకుని చెయ్యాల్సిన పని అది. ఆ వేళకి సిస్టర్లిద్దరూ ఆయాసంతో వచ్చిన కొత్త కేసు దగ్గర ఉన్నారు. నేను ముప్పావు గంట నుంచి కదలకుండా ఒక డిశ్చార్జి ఫైలు మీద కూర్చున్నాను. "అమ్మాయ్, జారిపోతున్నారు చూడు" అని ఆయన భార్య కేకేసింది. లేచినదాన్ని లేచినట్టే పరుగెత్తాను. చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. అలా లాగకూడదని నాకు తెలుసు. కొత్తగా వచ్చిన నర్సింగ్ పిల్లలకి నేనే చెప్పేదాన్ని.

నడుములో సూదితో గుచ్చినట్టు చిన్నగా చురుక్కుమంది, అంతే. తెల్లారేదాకా పని చేశాను. షేర్ ఆటోలో సింగ్ నగర్ వెళ్లి, ఇంత ఉప్మా తిని పడుకున్నాను. మధ్యాహ్నం లేచి మొహం కడుక్కుంటూ ఉమ్మడానికి వాష్ బేసిన్ మీదికి వంగాను. ఇక లేవలేకపోయాను. ఎడమ పిర్ర నుంచి పిక్క పక్కగా పాదం పైదాకా కరెంటు తీగ లాగినట్టు అయింది. బేసిన్ పట్టుకుని అలాగే ఎంతసేపు ఉన్నానో తెలియదు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, "అమ్మా, ఏం వెతుకుతున్నావు?" అంది.

పడుకున్నప్పుడు డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల, నీరు పీల్చుకుని ఉబ్బుతుందట. అందుకే నిద్ర లేచిన మొదటి గంటలో వంగడం అంత ప్రమాదం. చాలాసేపు వంగి కూర్చుంటే నడుము ఎముకల్ని పట్టి ఉంచే నార కట్లు సాగి వదులవుతాయట, అప్పటికప్పుడు లేచి బరువెత్తితే పట్టు ఉండదు. ఇదంతా తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కూర్చునే ఉద్యోగం ఒకటి, మోసే ఉద్యోగం ఒకటి విడివిడిగా చేసినా ఇంత కాకపోయేదేమో. నేను రాత్రికి ఇరవైసార్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకేదాన్ని.

ఆ సాయంత్రమే మా ఆయన ఆటోనగర్ నుంచి పరుగున వచ్చి, నన్ను మా ఆసుపత్రికే తీసుకెళ్లారు. మా వార్డులోనే పద్నాలుగో బెడ్ ఇచ్చారు. డాక్టరు గారు పడుకోబెట్టి ఎడమ కాలు నిటారుగా పైకెత్తారు. జానెడు లేచేసరికి కేక పెట్టాను. బొటనవేలు పైకెత్తమని, దాని మీద తన వేలు పెట్టి నొక్కారు. కుడిది గట్టిగా నిలబడింది. ఎడమది నిలబడలేదు. నేను ఎత్తుతున్నాననే అనుకుంటున్నాను, అది మాత్రం వాలిపోతోంది. ఎంఆర్ఐలో నడుము నాలుగు, ఐదు ఎముకల మధ్య డిస్కు వెనక్కి జారి నరాన్ని ఒత్తుతోందని తేలింది. "తొందరపడి ఆపరేషన్ వద్దు, చాలామందికి ఆరు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. కానీ యూరిన్ ఆగినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా వెంటనే చెప్పాలి, అది ఎమర్జెన్సీ" అన్నారు.

చెప్పుకోడానికి సిగ్గుపడే ముచ్చట ఇక్కడే ఉంది. మా ఆయమ్మ బెడ్‌పాన్ పట్టుకొచ్చింది. మంచి మనిషి, నాతో కలిసి ఎన్ని రాత్రులు పనిచేసిందో. "వద్దక్కా, ఇప్పుడు రావట్లేదు" అన్నాను. గంట తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ వద్దన్నాను. వందల మందికి "సిగ్గేంటమ్మా, మేమున్నది అందుకే కదా" అని చెప్పిన నోరు నాది. ఆ మాట వినేవాళ్లకి ఎంత బోలుగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. పరదా అవతల నేను రోజూ కూర్చునే కౌంటర్. ఫోన్ మోగుతుంటే 'ఎత్తండమ్మా' అని మనసులో అనుకుంటూ, బిగబట్టుకుని పడుకున్నాను.

రాత్రి పదకొండింటికి డ్యూటీ డాక్టరు వచ్చాడు, కుర్రాడు. "యూరిన్ ఎప్పుడు పాస్ చేశారు?" అని నన్నడిగి, చార్టు తిరగేశాడు. ఔట్‌పుట్ గడి ఖాళీ. ఆ పేజీలో ఆ పూట ఎవరి గడీ నిండలేదు. రోజూ నింపేదాన్ని నేనే కదా. నేనేమో పద్నాలుగో బెడ్ మీద ఉన్నాను.

"మధ్యాహ్నం ఇంట్లో అనుకుంటా" అన్నాను. అతని మొహం మారింది. "రావట్లేదా, మీరే పోవట్లేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గంటల తరబడి బిగబట్టాక, రాకపోవడానికీ పోకపోవడానికీ తేడా నాకే తెలియలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. గ్లోవ్ వేసుకుని దూదితో తాకుతూ "తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా" అని అడిగాడు. తెలుస్తోంది. స్కాన్ పెడితే మూత్రాశయం నిండుగా ఉంది. ఆయమ్మ పరదా లాగి, నన్నేమీ అడక్కుండా పాన్ పెట్టి, మూలనున్న కుళాయి సన్నగా తిప్పింది. ఆ చిట్కా కోర్సులో చెప్పరు. రెండు నిమిషాలకి వచ్చింది. మళ్లీ స్కాన్ చేస్తే దాదాపు ఖాళీ. "ఆరు వందల యాభై" అని ఆయమ్మ గట్టిగా చదివింది. ఎవరూ రాయట్లేదని చూసి, నేనే చార్టు అడిగి తీసుకుని, పడుకునే రాసుకున్నాను.

రెండు రాత్రులుండి ఇంటికి వచ్చేశాను. మొదటి పది రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నొప్పి మాత్రలు, రాత్రికి నరాల నొప్పికి ప్రీగాబాలిన్, దాని మత్తు. నడుము మెలిక పడకుండా దుంగలా ఒకేసారి దొర్లించాలని మా అమ్మాయికి నేర్పాను. రెండో రోజుకే మా కొత్త పిల్లల కన్నా బాగా చేసింది.

ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, దాని సంగతి మాత్రం చెప్పాలి. నా జీతం 14,500. అందులో నెలకి 109 రూపాయలు ఈఎస్ఐకి కోసేవారు. మామూలు జబ్బయితే సెలవు రోజులకి జీతంలో 70 శాతం ఇస్తారు, అదీ ఏడాదికి 91 రోజుల వరకే, మొదటి రెండు రోజులు వదిలేసి. డ్యూటీలో దెబ్బ తగిలిందని తేలితే 90 శాతం. అటూ ఇటూగా రోజుకి వంద రూపాయల తేడా. దానికి యాజమాన్యం యాక్సిడెంట్ రిపోర్టు రాయాలి. మా ఆయన వెళ్లి అడిగితే, "ఆమె క్లర్కు కదండీ. క్లర్కు పేషెంటును ఎత్తడమేంటి? పైగా ఇంట్లో మొహం కడుక్కుంటుంటే పట్టేసిందని కేస్ షీట్‌లోనే ఉంది" అన్నారట. ఉన్నమాటే. ఆ కేస్ షీట్ హిస్టరీ చెప్పింది నేనే. తొమ్మిదో బెడ్ మాట అప్పుడు నా నోటికి రాలేదు. ఆ రాత్రి తొమ్మిదో బెడ్ తిప్పినట్టు రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది, చూడమన్నాను. ఉంది. నా పేరు పక్కన హోదా 'వార్డ్ క్లర్క్' అని నా చేత్తో నేనే రాసుకున్నాను. 70 శాతమే వచ్చింది.

మూడో వారం నుంచి ఫిజియోథెరపీ. బోర్లా పడుకోవడం, తర్వాత మోచేతుల మీద లేవడం, తర్వాత అరచేతుల మీద. భుజంగాసనం లాంటిదే కానీ ఊపిరితో పని లేదు, రోజంతా కొంచెం కొంచెంగా చెయ్యాలి. ఒక రోజు పాదం నొప్పి తగ్గి నడుము నొప్పి ఎక్కువైంది. ఏడుపొచ్చినంత పనైంది. ఫిజియో అమ్మాయి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఎక్కడిదాకా వచ్చిందండీ? పిక్క దాటి పైకొచ్చిందా? శుభం!" అంది. కాలి చివర ఉన్న నొప్పి పైపైకి జరిగి నడుములోకి చేరితే నరం తేరుకుంటున్న గుర్తట. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మా ఆయన "ఇవాళ ఏ స్టేషన్‌లో ఉంది?" అని అడిగేవారు. పాదం, పిక్క, మోకాలు, తొడ. మోకాలి దగ్గర తొమ్మిది రోజులు హాల్ట్.

పదకొండో వారంలో డ్యూటీలో చేరాను. బరువులెత్తకూడదని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం ఫైల్లో పెట్టారు. మొదటి రాత్రే బెల్లు మోగింది. కుర్చీలోంచి లేచి, రెండు నిమిషాలు అక్కడే అటూ ఇటూ నడిచి, నడుము వెనక చేతులు పెట్టి వెనక్కి వంగాను. లోపల ప్రాణం కొట్టుకుంటూనే ఉంది, అవతల ఎవరో ఎదురుచూస్తున్నారని. తర్వాత ఆయమ్మని పిలిచి, ఇద్దరం వెళ్లాం. రిజిస్టర్‌లో ఇప్పుడు 'తిప్పాం, ఇద్దరం' అని టైముతో సహా రాస్తున్నాను. నా పేరు పక్కన 'వార్డ్ క్లర్క్, నర్సింగ్ అసిస్టెంట్ పని మీద' అని. మొదట్లో సూపర్‌వైజర్ గారు "ఇంత పొడుగెందుకమ్మా" అన్నారు. గడిలో పట్టడం లేదు నిజమే. రెండో లైనులోకి దించి రాస్తున్నాను.

నొప్పి పోయింది. బొటనవేలు మాత్రం పూర్తిగా లేవట్లేదు, పాదం పైన రూపాయి బిళ్లంత మేర స్పర్శ తక్కువ. ఎడమ కాలి హవాయి చెప్పు నడుస్తుంటే ఊడిపోయి వెనకాలే ఉండిపోతుంది. నాలుగడుగులు వేశాక గానీ తెలియదు. మొన్న బీసెంట్ రోడ్డులో అలాగే ఊడిపోతే, ఒక కుర్రాడు చేత్తో పట్టుకుని వెనక పరుగెత్తుకొచ్చాడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాను, రెండు వందల ఎనభై.