పరగడుపు మాత్ర

హైపోథైరాయిడిజం, అంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను చెయ్యడం లేదని తేలాక డాక్టరు రాసేది ఒక్కటే మాత్ర, లెవోథైరాక్సిన్. గ్రంథి చెయ్యాల్సిన టీ4 హార్మోనే మాత్ర రూపంలో వస్తుంది. నాకు మొదట రాసింది 50 మైక్రోగ్రాములు. గ్రంథి పూర్తిగా మొరాయిస్తే కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. కొంతైనా పనిచేస్తుంటే తక్కువే సరిపోతుంది. గుండె జబ్బున్నవాళ్ళకీ పెద్దవయసువాళ్ళకీ 12.5 లేదా 25తో మొదలుపెడతారు. ఒక్కసారిగా పెంచితే గుండె దడ రావచ్చు.

మాత్ర మింగడం సులువే, చిక్కంతా దాని చుట్టూ ఉండే గంటతోనే. పరగడుపున, మంచినీళ్ళతోనే వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. మన ఇళ్ళలో అన్నిటికన్నా కష్టం ఈ కాఫీయే. మందు పేగుల్లో ఇంకకుండా కాఫీ అడ్డుపడుతుంది, పాలు లేని డికాక్షనైనా అంతే. నేను మాత్రల సీసా, నీళ్ళ గ్లాసు మంచం పక్కనే పెట్టుకుంటాను. కళ్ళు తెరవగానే వేసుకుంటే, స్నానం, పూజ అయ్యేసరికి గంట గడిచిపోతుంది. అదీ కుదరనివాళ్ళు డాక్టరుతో మాట్లాడి, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు.

ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. అవి కడుపులో ఈ మందును పట్టేసుకుంటాయి. పొద్దున్నే అన్నీ కలిపి గుప్పెడు మింగేసి, డోసు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే రక్తంలో పెరిగే మరో హార్మోను) దిగడం లేదని బెంగపడేవాళ్ళు బోలెడుమంది. రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటుంటే అదీ డాక్టరుకు చెప్పాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమని చుట్టాలందరూ చెబుతారు. ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు.

ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే కొత్త డోసు కుదురుకోవడానికి ఆరు వారాలు ఆగాలి, టీఎస్‌హెచ్ పరీక్ష కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలకే. పదిహేను రోజులకే ల్యాబుకు పరిగెత్తితే డబ్బు దండగ. నీరసం, మలబద్ధకం ముందు తగ్గుతాయి. జుట్టు రాలడం మాత్రం నెలల తరబడి సతాయిస్తుంది.

ఆ జుట్టు కోసమే చాలామంది బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెడతారు. అది జుట్టుకు చేసే మేలు సంగతి ఎలా ఉన్నా, రిపోర్టుకు మాత్రం గట్టి హానే చేస్తుంది. చాలా ల్యాబుల పద్ధతిలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి డోసు ఎక్కువైందనుకుని తగ్గించేస్తారు, అసలే చాలని మందు ఇంకా తగ్గుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. ఆ పొద్దున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి, లేకపోతే టీ4 కాసేపు ఎక్కువగా చూపిస్తుంది.

చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఊరికే చెమటలు పట్టడం ఉంటే డోసు ఎక్కువైందేమో. సొంతంగా ఆపేయకుండా ఫోను చెయ్యండి. గర్భం నిలిచిందని తెలిస్తే మాత్రం అదే రోజు చెయ్యాలి, అప్పుడు మందు అవసరం పెరుగుతుంది.

సీసాను వంటింటి వేడికీ ఎండకూ దూరంగా, మూత బిగించి ఉంచాలి. మందుల షాపులో “అదే మందండీ” అని వేరే కంపెనీది చేతిలో పెడితే తీసుకోను. దొరక్క మార్చాల్సి వస్తే, ఆరు వారాలకు మళ్ళీ టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.