మా బాబు ఎడమ కిడ్నీ: ఆపరేషన్ కావాలా వద్దా అని తేలేలోపు

ఐదో నెల టిఫా స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ గుండె, వెన్నెముక, వేళ్లు అని ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చి ఒకచోట మాట ఆపేశారు. అక్కడే రెండు మూడుసార్లు కొలిచారు. "బిడ్డ ఎడమ కిడ్నీలో కొంచెం నీరు నిలిచిందమ్మా. 6 మిల్లీమీటర్లు ఉంది. ఈ నెలల్లో 4 దాటితే మేం రాసి పెట్టుకుంటాం. ఎనిమిదో నెలలో మళ్లీ చూద్దాం" అన్నారు. ఎనిమిదో నెలకి అది 13 అయింది. కుడి కిడ్నీ బాగుంది, మూత్రాశయం బాగుంది, ఉమ్మనీరు సరిపడా ఉంది. ఈ మూడూ బాగుండటం పెద్ద ధైర్యమని ఆవిడ చెబుతూనే ఉన్నారు. నా చెవికి మాత్రం 13 అన్నది తప్ప ఏదీ ఎక్కలేదు.

ఇంట్లో మాటలు వేరు. గ్రహణం రోజు బయటికి వచ్చావా అని ఒకరు, బొప్పాయి తిన్నావా అని ఒకరు. రాత్రిళ్లు పడుకుని నేనూ అవే లెక్కలు వేసుకునేదాన్ని. చివరికి ఉండబట్టలేక డాక్టరమ్మనే అడిగాను. కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట సన్నగా, సరిగ్గా సాగకుండా ఏర్పడుతుందని, ఎడమవైపు, మగపిల్లల్లో ఎక్కువగా చూస్తామని, నేను తిన్నదానికీ తిరిగినదానికీ దీనితో సంబంధం లేదని చెప్పారు. ఆ మాట కోసం నేనెంత ఎదురు చూశానో ఆవిడకి తెలియదు.

బాబు పుట్టాక మర్నాడే స్కాన్ చేయించేద్దామని మా ఆయన కంగారు పడ్డారు. పిల్లల డాక్టరు వద్దన్నారు. మొదటి రెండు రోజులూ పసిబిడ్డకి మూత్రం తక్కువగా తయారవుతుంది, అప్పుడు చూస్తే వాపు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించి మోసపోతాం, 48 గంటలు దాటనివ్వండి అన్నారు. రెండు కిడ్నీలూ వాచినా, ఉన్నది ఒక్కటే కిడ్నీ అయినా, మూత్రాశయం కింద అడ్డు ఉందని అనుమానం వచ్చినా అన్ని రోజులు ఆగరట. మాకు ఒక్కవైపే కాబట్టి ఐదో రోజున చేశారు. 19 మిల్లీమీటర్లు. ఎస్.ఎఫ్.యూ. గ్రేడు 3 అని రాశారు, వాపు ఎంత ముదిరిందో చెప్పే లెక్క అది. నాలుగు గ్రేడుల్లో మూడోది. కిడ్నీ పైపొర మాత్రం ఇంకా పలచబడలేదు.

తర్వాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. 21వ రోజు బారసాల అయింది. 24వ రోజున ఒక చోట రెనోగ్రామ్ చేయించాం, అంటే మందు ఎక్కించి ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో, మూత్రం ఎలా దిగుతోందో చూసే స్కాన్. రెండు కిడ్నీల పనిలో సగం దాకా ఉండాల్సిన ఎడమ కిడ్నీ పని 33 శాతం, అడ్డు ఉంది, వచ్చే వారమే ఆపరేషన్ అన్నారు. పురుటి పచ్చి ఆరని ఒంటితో ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. మా అత్తయ్యగారు బాబుని గుండెకి హత్తుకుని, "ఇంత పసిగుడ్డుకి కత్తేమిటి నాయనా" అని ఏడుస్తూనే ఉన్నారు.

మా మరిది పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడ పిల్లల యూరాలజీ చూసే డాక్టరు మొత్తం ఫైలు తిరగేసి రెండే ప్రశ్నలు వేశారు. "స్కాన్ అప్పటికి బాబు వయసెంతమ్మా? మూత్రాశయం ఖాళీ ఉంచడానికి గొట్టం వేశారా?" 24 రోజులు. గొట్టం వేయలేదు. అప్పుడు ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. కింద మూత్రాశయం నిండి ఉంటే పైనుంచి దిగే మూత్రం ఎలాగూ మెల్లగానే దిగుతుంది, దాన్ని మనం అడ్డు అనుకుంటాం. అసలు నెల కూడా నిండని బిడ్డ కిడ్నీలు ఇంకా ముదరలేదు, ఆ శాతం లెక్క నిలబడదు. "ఈ 33ని పక్కన పెట్టండి. ఆరు వారాలు దాటాక మళ్లీ చేద్దాం" అన్నారు. మొదటి చోట కత్తి పట్టడానికి తొందరపడ్డవాళ్లు ఈ రెండు ప్రశ్నలూ వాళ్లకి వాళ్లే వేసుకుని ఉండాల్సింది. ఈ మాట కోపంతో కాదు, బాధతో అంటున్నాను.

మళ్లీ చేసిన రోజు నాకు అణువణువూ గుర్తుంది. ఏడో వారం. ముందుగా కడుపునిండా పాలు పట్టమన్నారు. ఒంట్లో నీరు తక్కువైనా లెక్క తప్పుతుంది, నిద్రపోతే కదలకుండా ఉంటాడు కూడా. పాదం మీద సూది పెట్టి, సన్నటి గొట్టం వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి, రెండు పక్కలా చిన్న ఇసుక మూటలు ఆనించి బల్ల మీద పడుకోబెట్టారు. టెక్నీషియం కలిపిన ఈసీ మందు ఎక్కించారు, కెమెరాకి కనపడేలా కొద్దిపాటి రేడియోధార్మికత ఉండే మందు అది. తెర మీద రెండు చుక్కలు వెలిగాయి. కుడిది వెలిగి మెల్లగా ఆరిపోసాగింది. ఎడమది వెలుగుతూనే ఉంది. కాసేపటికి లాసిక్స్ ఇచ్చారు, మూత్రం బలంగా తోసేందుకు. నేను వాడి నుదుటి మీద చెయ్యి వేసి లాలి పాడుతూ ఆ ఎడమ చుక్కనే చూస్తున్నాను. చివర్లో బాబుని నిటారుగా ఎత్తుకుని కాసేపు తిప్పి తెమ్మన్నారు, బరువుకి ఎంత దిగుతుందో చూడటానికి. తీసుకొచ్చి మళ్లీ పడుకోబెట్టాక చుక్క కొంచెం మసకబారింది.

ఎడమ కిడ్నీ పని 46 శాతం. మందు సగం దిగడానికి పట్టిన సమయం 18 నిమిషాలు. 10 లోపు ఉంటే బాగున్నట్టు, 20 దాటితే అడ్డు ఉన్నట్టు, మాది నడిమధ్యన. ఆ వారంలోనే ఎమ్‌సీయూ (మూత్రాశయంలో మందు నింపి తీసే ఎక్స్‌రే) కూడా చేశారు, మూత్రం వెనక్కి ఎగదన్నడం లేదని తేలింది.

"ముందే చెప్పలేరా సార్?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. గ్రేడు 1, 2 అయితే చాలావరకు అదే తగ్గిపోతుందని ధైర్యంగా చెప్పగలనన్నారు. వాపు 30 మిల్లీమీటర్లు దాటి, పని కూడా పడిపోయి వచ్చిన బిడ్డ విషయంలోనూ చెప్పగలనన్నారు. "మీ వాడు ఈ రెండింటి మధ్య ఉన్నాడు. ఇలాంటి పిల్లల్లో సగం మాట కాలమే చెప్పాలి. అడ్డు అనేది ఒక్క ఫోటోలో దొరకదమ్మా, వరసగా తీసిన ఫోటోల్లో దొరుకుతుంది." టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ బొమ్మలు కంప్యూటర్‌కి నేర్పించి ఎవరికి ఆపరేషన్ పడుతుందో ముందే పసిగట్టే పని చేస్తున్నారని కూడా ఆయనే చెప్పారు. అది కుదిరితే ఎంతమంది పసివాళ్లకి ఆ సూదులూ గొట్టాలూ తప్పుతాయో కదా అనిపించింది.

ఊరికి వచ్చి ఇదంతా మా మామయ్యగారికి చెప్పాను. తెనాలి దగ్గర వరి పండించిన మనిషి. అంతా విని, "చేలో నీళ్లు నిలిచినంత మాత్రాన చేను పోదమ్మా. తూము ఇరుకైతే నీళ్లు మెల్లగా పోతాయి. మొక్క పాలిపోతుందా లేదా అన్నది చూసుకోవాలి" అన్నారు. డాక్టరు గంటసేపు చెప్పింది నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మిల్లీమీటర్లు నీళ్ల లెక్క, శాతం మొక్క లెక్క.

అక్కడినుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. రాత్రి పడుకోబోయే ముందు యాంటీబయాటిక్ చుక్కలు, వేసిన తేదీ. జ్వరం వస్తే వెంటనే మూత్రం కల్చర్. నాలుగో నెలలో ఒకసారి జ్వరం వచ్చింది. అతికించే సంచిలో పట్టిన మూత్రంలో క్రిములు కనిపించాయి, గొట్టంతో తీసి మళ్లీ పంపితే ఏమీ లేవు. చర్మం మీది మురికి కలిసిందన్నమాట. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరం తిండి తినలేదు.

మూడో నెల వాపు 21 మిల్లీమీటర్లు. ఐదో నెల 22, పని 44 శాతం. 46 నుంచి 44కి పడిందని నేను వణికిపోతుంటే డాక్టరు కంగారు పడొద్దన్నారు, ఆ స్కాన్‌లో నాలుగైదు శాతం తేడా కొలతలోనే వస్తుందట. అందుకే ప్రతిసారీ అదే చోట, అదే మందుతో, అలాగే పాలు పట్టి, అలాగే గొట్టం వేసి చేయించమన్నారు. అలా కాకపోతే ఒక అంకెని ఇంకో అంకెతో పోల్చలేం.

ఎనిమిదో నెల స్కాన్‌లో 29 వచ్చింది. పైపొర పలచబడిందని రాశారు. తొమ్మిదో నెల రెనోగ్రామ్‌లో పని 36 శాతం, మందు సగం దిగే సమయం 20 నిమిషాలు దాటిపోయింది. బాబు అప్పుడు టేబుల్ కింద పాకుతూ డాక్టరు గారి చెప్పు లాగుతున్నాడు. నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు పెరుగుతున్నాడు. బయటికి చూస్తే ఏమీ లేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఆ పుస్తకంలోని అంకెలు లేకపోతే మాకు తెలిసేదే కాదు. "పని 40 లోపుకి వచ్చింది, 10 దాకా పడింది, వాపు పెరిగింది. ఇక ఆగడానికి నాకు కారణం కనపడటం లేదమ్మా" అన్నారు. విని నేను ఏడవలేదు. మొదటిసారి 33 అన్నప్పుడు నమ్మలేకపోయాను, ఈసారి నమ్మాను.

ఈ ఆపరేషన్‌ని పైలోప్లాస్టీ అంటారు. ఆండర్సన్, హైన్స్ అనే ఇద్దరు 1949లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ చేస్తున్నారట: ఇరుకు ముక్క కోసి తీసేసి, మంచి నాళాన్ని కిడ్నీకి వాలుగా కుట్టడం. కుట్టిన చోటు మూసుకుపోకుండా లోపల డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టారు. ఎడమ డొక్క పక్కన నా చూపుడువేలంత పొడవు కోత. నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆరు వారాలకి కాసేపు మత్తిచ్చి స్టెంట్ తీసేశారు.

మూడు నెలల తర్వాత స్కాన్‌లో 16. పూర్తిగా మామూలు కాదా అని అడిగితే, నెలల తరబడి సాగిన సంచి ఒక్కసారిగా ముడుచుకోదు, కొంత వదులు అలాగే ఉండిపోవచ్చు, దానికి భయపడొద్దు అన్నారు. రెనోగ్రామ్‌లో పని 40 శాతం. పోయిన దాంట్లో కొంతే తిరిగి వచ్చింది.

ఆ కాగితం ఇంటికి తెచ్చి మామయ్యగారి చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని పాత రెనోగ్రామ్ కాగితం పక్కన కొత్తది పరిచారు. పాత గీత పైకెక్కి అలాగే నిలబడి ఉంది. కొత్త గీత ఎక్కి, దిగింది. దాని వెంట వేలు నడిపించి, చివరిదాకా తీసుకెళ్లి, "తూము లాగుతోంది" అన్నారు.