ల్యాంపు ఆరాక వెల్దుర్తి దాకా

కారు పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఈ వారంతో అయిపోతుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కారు కంప్యూటర్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌ను మార్పించింది మొన్ననే. సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెప్పే పీ0135 కోడ్‌ను మెకానిక్ అన్న స్కానర్ పెట్టి చెరిపేశాడు, డ్యాష్‌బోర్డు మీద పసుపు ఇంజిన్ బొమ్మ ఆరింది. "ల్యాంపు పోయింది గదన్నా, ఇంగేం కావల్ల? పోయి పొల్యూషన్ చేపిచ్చుకో" అన్నాడు. మంచి పనివాడు, మార్చిన సెన్సర్ కూడా సరైనదే. కానీ కోడ్ చెరిపితే, కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా దాంతోపాటే పోతాయి. రెడీనెస్ మానిటర్లంటే అవే. స్టీరింగ్ కింద సాకెట్‌లో బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్‌లో చూస్తే కెటలిస్ట్ (పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టర్), ఆక్సిజన్ సెన్సర్, దాని హీటర్ మూడూ ఇన్‌కంప్లీట్ అనే ఉన్నాయి, అంటే వాటి పరీక్ష ఇంకా పూర్తికాలేదు.

అమెరికాలో ఉన్న మా బావకు ఇదే టెన్షన్ అయింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో 1996 నుంచి వచ్చిన కార్లను ఆ సాకెట్ ద్వారానే పరీక్షిస్తారు. 2001 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకు మామూలుగా ఒక్క మానిటర్ మిగిలితే ఒప్పుకుంటారు, అంతకుమించితే తిప్పి పంపుతారు. బావ కొత్త బ్యాటరీ వేయించుకుని నేరుగా టెస్టుకు వెళ్లాడు. బ్యాటరీ తీసినా మానిటర్లు పోతాయని అక్కడ ఎవరూ ఆయనకు చెప్పలేదు.

మన దగ్గర పొల్యూషన్ బండివాళ్లు సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టి చూస్తారు. మాది బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం) పెట్రోల్ కారు కాబట్టి ఐడ్లింగ్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 200 పీపీఎం దాటకూడదు. అది చాలదా అంటే నాకు మనసొప్పలేదు. సెన్సర్ వేడెక్కేదాకా కంప్యూటర్ అంచనా మీదే పెట్రోల్ పోస్తుంది. హీటర్ పనిచేయకపోతే ఆ అంచనా చాలాసేపు సాగుతుంది. పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపేటప్పుడు బండి వదిలే పొగ అదే. ఇంజిన్ వేడెక్కాక పెట్టే ప్రోబ్‌కు అది చిక్కదు.

మానిటర్లు మళ్లీ పూర్తవ్వాలంటే చల్లారిన బండిని తీసి రోడ్డు మీద నడపాలి. అందుకే రాత్రంతా కదపని కారును తెల్లవారుజామున తీశాం. నాన్న పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నారు. ఏసీ వేయలేదు. కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి కదిలితే, ఊరు దాటకముందే హీటర్ కంప్లీట్ అయింది. నాకు సగం భారం దిగింది. 44వ జాతీయ రహదారి ఎక్కాక వెల్దుర్తి వైపు ఎనభైలో, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా నడిపాను. లారీలు అడ్డొచ్చినప్పుడల్లా స్పీడు తప్పేది. మధ్యమధ్యలో కాలు తీసేసి, బ్రేకు తొక్కకుండా గేర్‌లోనే బండిని దానంతట అదే నెమ్మదించనిచ్చాను. ఆక్సిజన్ సెన్సర్ అలాగే పూర్తయింది.

కెటలిస్ట్ మాత్రం సతాయించింది. కన్వర్టర్‌కు ముందొక సెన్సర్, వెనకొకటి ఉంటాయి. ముందుది ఎగిరిపడుతుంటే వెనకది నిలకడగా ఉండాలి. రెండూ ఒకేలా ఊగితే కన్వర్టర్ పోయినట్టే. నాన్నకు ఆ రెండు గీతలు చూపించాను. వెనక గీత దాదాపు తిన్నగా ఉంది. "ఇది బాగుంది రా, కదలడం లేదు" అని ఆయనే చదివి చెప్పారు. తిరుగు దారిలో కెటలిస్ట్ కూడా కంప్లీట్ అయింది.

అటునుంచి అటే పెట్రోల్ బంకు దగ్గర పొల్యూషన్ చేయించాం. సీఓ, హెచ్‌సీ రెండూ హద్దుకు చాలా లోపలే వచ్చాయి. అతను సాకెట్ సంగతి అడగలేదు, అడగాలని రూల్ లేదు. 2013 ఏప్రిల్ నుంచి మన కార్లలో ఓబీడీ-2 (కారు తనను తాను పరీక్షించుకుని ఆ సాకెట్ ద్వారా చెప్పే వ్యవస్థ) ఉన్నప్పుడు దాన్నీ చూడాలని నా గట్టి అభిప్రాయం. సాయంత్రం మెకానిక్ అన్నకు స్క్రీన్‌షాట్లు పంపాను. కోడ్ చెరిపిన బండ్లను ఇకమీద హైవే మీద తిప్పి, మానిటర్లు చూసే ఇస్తానన్నాడు.